చప్పుడు లేని బండి మీద కేమెరా

సినిమాలో ఇలాంటి దృశ్యం మీరు చూసే ఉంటారు. కొండదారిలో ఒకడు పరుగెడుతున్నాడు. దారి నిండా రాళ్ళు, గుంటలు, ముళ్ళపొదలు. అయినా అతని నుదుటి మీది చెమట చుక్కలు కూడా మనకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అతని రొప్పు మన చెవులకు వినిపిస్తున్నది. పక్కనే మనమూ పరుగెడుతున్నామా అనిపిస్తుంది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. అతను పరుగెడుతున్నాడు, సరే. మరి కేమెరా ఎక్కడ ఉంది? అతనితో సమానంగా అది కూడా పరుగెత్తాలి గదా! పరుగెత్తేటప్పుడు గుంట వచ్చినచోటల్లా కేమెరా ఎగిరిపడితే బొమ్మ అదిరిపోయి మనకు కళ్ళు తిరుగుతాయి. అంటే కేమెరా పరుగెత్తాలి, కాని అదరకూడదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఈ చిక్కు విప్పడానికి సినిమావాళ్ళు చాలా దారులు వెతికారు. నేల చదునుగా ఉంటే పట్టాలు పరిచి, వాటి మీద ట్రాలీ తోస్తారు. రోడ్డు ఉంటే కారు వాడతారు. పైన ఆకాశం తెరిపిగా ఉంటే హెలికాప్టరు. ఈ రోజుల్లో డ్రోను. కాని చెట్లు దట్టంగా ఉన్నచోట డ్రోను కొమ్మలకు తగులుకుంటుంది. దాని రెక్కల రొద సరేసరి. మనిషి ఒక్కడే పట్టే కాలిబాటలో కారు పోదు. అలాంటి చోటికి మోటారు సైకిలు పోగలదు. అయితే అది మామూలు మోటారు సైకిలు కాదు. ఎత్తుగా, తేలికగా, లోతైన గాట్లున్న టైర్లతో, జానెడు మేర పైకీ కిందికీ ఆడే స్ప్రింగులతో, రాళ్ళలోనూ మట్టిలోనూ పోవడానికే తయారుచేసిన బండి. దాన్ని డర్ట్ బైక్ అంటారు. మట్టిదారుల బండి అన్నమాట.

పెట్రోలుతో నడిచే మట్టిబండ్లు చాలాకాలంగా ఉన్నాయి. వాటి మీద కేమెరా పెట్టడమూ కొత్త కాదు. ఇటీవలి సంవత్సరాల్లో బేటరీతో నడిచే మట్టిబండ్లు వచ్చాయి. ఆరుబయట సినిమాలు తీసేవాళ్ళకూ, ఫోటోలు తీసేవాళ్ళకూ అవి ప్రత్యేకంగా పనికివస్తున్నాయి. ఎందుకని? పెట్రోలు ఖర్చు కలిసివస్తుందనా? అదొక్కటే కాదు. అసలు కారణం వేరే ఉంది: ఆ బండి కడుపులో పేలుళ్ళు లేవు. ఈ ఒక్క సంగతిలోంచి ఎన్ని సంగతులు పుట్టుకొస్తాయో ఇప్పుడు చూద్దాం.

సెకనుకు యాభై పేలుళ్ళు

పెట్రోలు ఇంజను ఎలా పనిచేస్తుందో మీరు పాఠాల్లో చదువుకునే ఉంటారు. సిలిండరులో పెట్రోలు ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. నిప్పురవ్వ తగలగానే ఆ మిశ్రమం భగ్గుమంటుంది. వేడెక్కిన వాయువులు వ్యాకోచించి పిస్టనును కిందికి తోస్తాయి. పిస్టను కిందికి పోయి, ఆగి, తిరిగి పైకి వస్తుంది. మళ్ళీ ఆగుతుంది, మళ్ళీ కిందికి పోతుంది.

ఒక లెక్క వేద్దాం. ఒకే సిలిండరు ఉన్న బండి ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్నదనుకోండి. అంటే సెకనుకు 100 చుట్లు. నాలుగు ఘాతాల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి పేలుడు జరుగుతుంది. కాబట్టి సెకనుకు 50 పేలుళ్ళు! పిస్టను సెకనుకు 100 సార్లు కిందికి దూకుతున్నది, 100 సార్లు పైకి దూకుతున్నది. న్యూటను మూడో సూత్రం ఊరుకుంటుందా? పిస్టను ఒకవైపు దూకినప్పుడల్లా ఇంజను రెండోవైపు అదురుతుంది. పడవలో కూచుని ముందుకీ వెనక్కీ ఊగితే పడవ కూడా ఊగుతుంది చూశారా, ఇదీ అంతే. సమతూకం కోసం ఇంజనులో ఎదురు బరువులు పెడతారు. దానివల్ల అదురు తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.

మరి విద్యుత్ మోటారు సంగతి? అందులో ఇరుసు చుట్టూ అయస్కాంతాలు బిగించి ఉంటాయి. వాటి చుట్టూ కదలని తీగచుట్టలు ఉంటాయి. తీగచుట్టల్లోకి విద్యుత్తును వరసగా ఒకదాని తరవాత ఒకదానిలోకి పంపుతూ ఉంటే అయస్కాంత క్షేత్రం గుండ్రంగా తిరుగుతుంది. దాని వెంటే ఇరుసు తిరుగుతుంది. అంతే! వెనక్కీ ముందుకీ దూకే భాగం ఒక్కటి కూడా లేదు. పెట్రోలు ఇంజనుకీ విద్యుత్ మోటారుకీ ఉన్న తేడా రోకలికీ కుమ్మరిసారెకీ ఉన్న తేడా వంటిది. రోకలి దంచుతుంటే గది అంతా అదురుతుంది. సారె తిరుగుతుంటే దాని మీది కుండ కూడా అదరదు.

నమ్మకం కుదరలేదా? అయితే ఈ చిన్న ప్రయోగం చెయ్యండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో పెట్రోలు స్కూటరు ఉంటే, దాన్ని ఆరుబయట సెంటర్ స్టాండు మీద నిలబెట్టమని పెద్దవాళ్ళను అడగండి. సీటు మీద ఒక పళ్ళెం పెట్టి అందులో నీళ్ళు పొయ్యండి. ఇప్పుడు పెద్దవాళ్ళనే ఇంజను స్టార్టు చెయ్యమనండి. నీటి మీద సన్నని అలలు వలయాలుగా పుడతాయి. బండి ఎక్కడికీ కదలకపోయినా నీళ్ళు కదులుతున్నాయి! బేటరీ స్కూటరు దొరికితే దాని మీదా ఇలాగే చూడండి. తాళం తిప్పినా, బండి సిద్ధంగా ఉన్నా, నీళ్ళు అద్దంలా ఉంటాయి. బండి ఆగి ఉంటే మోటారు కూడా ఆగే ఉంటుంది.

వణుకు చూపే వేషాలు

ఆ పళ్ళెం స్థానంలో ఇప్పుడు కేమెరాను ఊహించుకోండి.

యాభై మీటర్ల దూరంలో ఉన్న మనిషి మొహాన్ని కేమెరా దగ్గరగా చూపిస్తున్నదనుకోండి. తెర నిండా ఆ మొహమే. అంటే అక్కడ కేమెరా చూస్తున్న వెడల్పు సుమారు అరమీటరు. కేమెరా ఒక డిగ్రీలో పదోవంతు వంగిందనుకుందాం. ఒక డిగ్రీలో పదోవంతు అంటే ఎంత? మన కంటికి ఆనదు. కాని యాభై మీటర్ల దూరాన అది దాదాపు 9 సెంటీమీటర్లు అవుతుంది. చూస్తున్న వెడల్పులో ఇంచుమించు ఆరోవంతు! ఆ బొమ్మను 12 మీటర్ల వెడల్పు గల సినిమా తెర మీద వేస్తే మనిషి మొహం రెండు మీటర్లు పక్కకు గెంతినట్టు కనిపిస్తుంది. ఇలా సెకనుకు పదిసార్లు జరిగితే ప్రేక్షకుడు లేచి బయటికి పోవలసిందే.

ఇంకో తమాషా ఉంది. ఈనాటి కేమెరాల్లో చాలావాటిలో బొమ్మ అంతా ఒక్కసారి పడదు. బొమ్మను గ్రహించే పలకను పైనుంచి కిందికి, వరస తరవాత వరసగా చదువుతారు. మీరు ఒక బొమ్మను గీతలు గీతలుగా కాపీ చేస్తుంటే మీ స్నేహితుడు కాగితాన్ని అటూ ఇటూ లాగుతున్నాడనుకోండి. మీ బొమ్మ ఏమవుతుంది? నిటారు స్తంభం పాములా మెలికలు తిరుగుతుంది. ఇంజను అదురు తగిలిన కేమెరాలో కూడా అదే జరుగుతుంది. ఇళ్ళూ చెట్లూ గిన్నెలో జున్నులా తొణుకుతూ కనిపిస్తాయి.

బొమ్మ చెడడమే కాదు, కేమెరాయే చెడవచ్చు. కొన్ని ఫోనుల్లో కటకం గాని, బొమ్మ పడే పలక గాని అయస్కాంతాల మధ్య తేలుతూ ఉంటుంది. చెయ్యి వణికినప్పుడు అది ఎదురుదిశలో జరిగి బొమ్మను నిలబెడుతుంది. ఆపిల్ కంపెనీ 2021 సెప్టెంబరులో తన ఐఫోను వాడేవాళ్ళను హెచ్చరించింది: ఎక్కువ శక్తి గల మోటారు సైకిళ్ళ హేండిలుకు ఫోను బిగించవద్దు, ఆ ప్రకంపనల వల్ల కేమెరా పనితీరు దెబ్బతినవచ్చు అని. చిన్న ఇంజను బండ్లకూ, విద్యుత్ స్కూటర్లకూ బిగించేటట్టయితే అదురు తగ్గించే బిగింపు వాడమని కూడా అందులోనే చెప్పింది. చూశారా! విద్యుత్ బండికి కూడా పూర్తి మినహాయింపు లేదు. మోటారు అదరకపోయినా, నేల ఊరుకోదు గదా!

కోడి నేర్పే పాఠం

ఇంజను అదురు పోయింది. ఇక మిగిలింది నేల అదురు. దాన్ని మూడు అంచెల్లో అణచాలి.

మొదటిది పెద్ద ఎగుడుదిగుడు: రాయి ఎక్కడం, గుంట దిగడం. దీన్ని బండి స్ప్రింగులూ, గాలి కాస్త తక్కువగా కొట్టిన టైర్లూ చాలావరకు మింగేస్తాయి. నడిపేవాడు కూడా సీటు మీద కూచోకుండా మెట్ల మీద నిలబడి, మోకాళ్ళు వదులుగా ఉంచుతాడు. మన కాళ్ళను మించిన స్ప్రింగులు ఎక్కడున్నాయి?

రెండోది సన్నని జలదరింపు: గులకరాళ్ళ మీదా, టైరు గాట్ల వల్లా పుట్టేది. కేమెరా బిగింపు కింద రబ్బరు దిమ్మలో, ఉక్కు తీగ చుట్టలో పెట్టి దీన్ని ఆపుతారు.

మూడోది వంపు: బండి ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ వాలడం. ఇందాకటి లెక్కలో చూసినట్టు కేమెరాకు అసలు శత్రువు ఇదే. దీనికి విరుగుడు తెలియాలంటే ఒక కోడిని చూడండి. కోడిని రెండు చేతులతో మెల్లిగా పట్టుకుని, దాని ఒంటిని పైకీ కిందికీ, పక్కకీ నెమ్మదిగా జరపండి. ఒళ్ళు ఎటు జరిగినా తల మాత్రం మేకు కొట్టినట్టు ఉన్నచోటనే ఉంటుంది! చెవి లోపలి తూకపు అవయవాలూ, కళ్ళూ కదలికను కనిపెట్టి మెడకు కబురు చేస్తాయి. మెడ అంతే మేర ఎదురుగా జరుగుతుంది.

కేమెరాకు ఇలాంటి మెడ ఉంటే ఎంత బాగుండును! మొదట దాన్ని స్ప్రింగులతోనూ బరువులతోనూ చేసినవాడు గారెట్ బ్రౌన్ అనే అమెరికా కేమెరామన్. అతని సాధనం పేరు స్టెడీకామ్. 1976లో వచ్చిన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’ అనే చిత్రంలో దాన్ని మొదట వాడారు. మనిషి నడుముకీ భుజాలకీ కట్టుకున్న స్ప్రింగు చెయ్యి మీద కేమెరా తేలుతూ ఉంటుంది. మనిషి మెట్లు ఎక్కినా కేమెరా గాలిలో జారుతున్నట్టు పోతుంది.

1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ చిత్రంలో అడవిలో చెట్ల మధ్య ఎగిరే బండ్లు ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఆ చెట్ల దృశ్యాన్ని ఎలా తీశారో తెలుసా? బండీ లేదు, విమానమూ లేదు! గారెట్ బ్రౌన్ స్టెడీకామ్ కట్టుకుని కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ చెట్ల అడవిలో నడిచాడు, అంతే. గంటకు సుమారు 8 కిలోమీటర్ల నడక. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు తియ్యాలి. కాని కేమెరా సెకనుకు ఒక్క ఫ్రేము కూడా నిండని వేగంతో తీసింది. ఒక్క ఫ్రేము అనే లెక్క వేసుకున్నా, తెర మీద అది 24 రెట్లు వేగంగా ఆడుతుంది. 8ని 24తో హెచ్చవెయ్యండి: గంటకు 192 కిలోమీటర్లు! చిత్రీకరణలో వేగాన్ని ఎలాగైనా తెచ్చుకోవచ్చు. తేలేనిది నిలకడ ఒక్కటే.

స్ప్రింగు మెడ తరవాత విద్యుత్ మెడ వచ్చింది. దాని పేరు గింబల్. ఒకదానిలో ఒకటి ఇమిడిన మూడు చట్రాలు, ఒక్కో చట్రానికీ ఒక మోటారు. ఆవగింజలాంటి చిన్న గ్రాహకం కేమెరా ఎటు వంగుతున్నదో సెకనుకు వందలసార్లు కనిపెడుతుంది. ఆ మోటారు వెంటనే అంతే మేర ఎదురు తిప్పుతుంది. 2013 నుంచి ఇవి చేతిలో పట్టుకునేంత తేలికగా మార్కెట్లోకి వచ్చాయి. విశేషమేమిటంటే గింబల్లో తిరిగేదీ, మట్టిబండి చక్రాన్ని తిప్పేదీ ఒకే జాతి మోటారు. రెంటిలోనూ బలమైన అయస్కాంతాలే ప్రాణం. 1980ల మొదట్లో జపానులోనూ అమెరికాలోనూ విడివిడిగా కనిపెట్టిన నియోడిమియం అయస్కాంతాలు లేకపోతే ఇంత చిన్న మోటారులో ఇంత బలం పట్టేది కాదు.

ఒక జాగ్రత్త మరవకూడదు. గింబల్ వంపును సరిచేస్తుంది గాని ఎగురును సరిచెయ్యదు. బండి అడుగు ఎత్తు ఎగిరితే గింబల్ కూడా అడుగు ఎగురుతుంది. అందుకే స్ప్రింగు చెయ్యి మీద గింబల్, గింబల్ మీద కేమెరా పెడతారు. అంటే కోడిమెడకు తోడు మన మోకాళ్ళు.

నత్తనడకలో నేర్పు

పరుగెత్తేవాడి పక్కన పోవడానికి బండికి వేగం ఎంత కావాలి? ప్రపంచంలోకెల్లా మేటి మారథాన్ పరుగువీరులు 42 కిలోమీటర్లను సుమారు రెండు గంటల్లో పరుగెడతారు. అంటే గంటకు 21 కిలోమీటర్లు. సినిమాలో కొండ ఎక్కేవాడు గంటకు ఐదారు కిలోమీటర్లే పోవచ్చు. ఈ నెమ్మదే పెట్రోలు బండికి పెద్ద పరీక్ష.

పెట్రోలు ఇంజను నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంటే గాని బతకదు. అంతకంటే తగ్గితే ఆగిపోతుంది. అందుకని నెమ్మదిగా పోవాలంటే క్లచ్చిని సగం నొక్కి, సగం వదిలి నడపాలి. ఎంత నేర్పరి అయినా ఎక్కడో ఒకచోట బండి గుర్రంలా ఎగిరి గంతు వేస్తుంది. ఆ గంతు బొమ్మలో పడుతుంది.

విద్యుత్ మోటారు అలా కాదు. అది ఇచ్చే మెలితిప్పు బలం దానిలో పారే విద్యుత్తును బట్టి ఉంటుంది గాని వేగాన్ని బట్టి కాదు. ఆగి ఉన్న మోటారుకు విద్యుత్తు ఇస్తే మొదటి క్షణంలోనే పూర్తి బలం చూపుతుంది. క్లచ్చి అక్కర్లేదు, గేర్లు మార్చే కుదుపు లేదు. ఇరుసు ఎక్కడ ఉన్నదో గ్రాహకాలు చెబుతూ ఉంటే, నియంత్రణ పెట్టె విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెరిచి మూసి కొలతగా అందిస్తుంది. అందుచేత మనిషి నడక వేగంతో కూడా బండి నూనె మీద జారినట్టు పోతుంది. వాలులో దిగేటప్పుడు అదే మోటారు డైనమోగా మారి బేటరీకి కొంత విద్యుత్తు తిరిగి ఇస్తూ, బండిని మెత్తగా నిలువరిస్తుంది.

ఇంకో మేలు కూడా ఉంది. పరుగెత్తేవాడికి ముందు నడిచే పెట్రోలు బండి, తన పొగనంతా అతని మొహాన కొడుతుంది. రొప్పుతున్నవాడు ఆ పొగనే పీల్చాలి. బేటరీ బండికి పొగగొట్టమే లేదు.

ఎంత దూరం వినిపిస్తుంది?

పేలుడు లేకపోతే చప్పుడూ లేదు. శబ్దాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. ఈ కొలతలో కొంచెం తిరకాసు ఉంది. 10 డెసిబెళ్ళు పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు అవుతుంది. ఇక శబ్దం ఆరుబయట నాలుగు దిక్కులా విచ్చుకుపోతుంది కాబట్టి, దూరం పది రెట్లయితే తీవ్రత నూరోవంతుకు పడిపోతుంది. ఈ రెండు సంగతులూ కలపండి. ఒక బండి చప్పుడు ఇంకో బండి కంటే 20 డెసిబెళ్ళు తక్కువ అనుకుందాం. పెద్ద చప్పుడు బండి కిలోమీటరు దూరాన ఎంత సన్నగా వినిపిస్తుందో, రెండోది వంద మీటర్ల దూరానికే అంత సన్నగా వినిపిస్తుంది!

దీని విలువ మొదట గ్రహించినవాళ్ళలో అడవి కాపలావాళ్ళు ఉన్నారు. దక్షిణాఫ్రికాలో ఖడ్గమృగాలను కొమ్ముల కోసం దొంగవేటగాళ్ళు చంపుతుంటారు. కాపలావాళ్ళు పెట్రోలు మోటారు సైకిళ్ళ మీద వస్తుంటే ఆ చప్పుడు వేటగాళ్ళకు ముందే వినిపించేది. అక్కడి సదరన్ ఆఫ్రికన్ వైల్డ్‌లైఫ్ కాలేజీతో కలిసి స్వీడన్ దేశపు కేక్ అనే కంపెనీ, కాపలా కోసం 2021లో ప్రత్యేకంగా ఒక విద్యుత్ మట్టిబండిని తయారుచేసింది. పెట్రోలు మోసుకుపోవడం కష్టమైన ఆ అడవిలో సూర్యరశ్మి పలకలతో దాని బేటరీ నింపుకోవచ్చు. ఆ కంపెనీ 2024లో దివాలా తీసింది గాని ఆ బండి చెప్పిన పాఠం చెడిపోలేదు.

సినిమాకీ ఇదే పాఠం. కేమెరా పక్కన ఇంజను మోగుతుంటే నటుడి మాటలు పనికిరావు. మన తెలుగు సినిమాల్లో మాటలను తరవాత స్టూడియోలో డబ్బింగు చెప్పించడం చాలాకాలంగా అలవాటే. కాని ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, పిట్టల కూతలు, రొప్పు? వాటిని ఉన్నచోట ఉన్నట్టు పట్టుకోవడంలోనే అందం ఉంది. బేటరీ బండి నెమ్మదిగా పోతున్నంతసేపూ అది సాధ్యమే. నెమ్మదిగా అని ఎందుకు అన్నామంటే, వేగం పెరిగేకొద్దీ గొలుసు కరకర, టైర్ల గరగర, మోటారు సన్నని కూత బయటపడతాయి. అన్నిటికంటే మైకులో గాలి హోరు ముందుకొస్తుంది. అందుకే మైకుకు బొచ్చు తొడుగు వేస్తారు.

పెట్టెడు బేటరీ, లీటరు పెట్రోలు

ఇన్ని మంచిగుణాలు ఊరికే వస్తాయా? ధర ఏమిటో చూద్దాం.

ఈ జాతిలో పేరుపడ్డ ఒక చైనా తేలికబండిలో 60 వోల్టులు, 40 ఆంపియరు-గంటల బేటరీ ఉంటుంది. రెంటినీ హెచ్చవేస్తే 2400 వాటు-గంటలు. మన కరెంటు బిల్లు భాషలో 2.4 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో ఎంత శక్తి ఉంది? సుమారు 9 యూనిట్లు! బరువు చూస్తే లీటరు పెట్రోలు ముప్పావు కిలో. ఇలాంటి బేటరీ పది, పన్నెండు కిలోలు. కళ్ళు తిరిగే తేడా కదూ?

కాని కంగారుపడకండి. పెట్రోలు ఇంజను తనకు పోసిన శక్తిలో నాలుగోవంతు మాత్రమే చక్రానికి ఇస్తుంది. తక్కినదంతా వేడిగా పోతుంది. 9లో నాలుగోవంతు అంటే రెండుంబావు యూనిట్లు. విద్యుత్ మోటారు నూటికి 85 వంతులు చక్రానికి ఇస్తుంది. 2.4లో 85 వంతులు సుమారు రెండు యూనిట్లు. కాబట్టి ఆ బేటరీ పెట్టె ఇంచుమించు ఒక లీటరు పెట్రోలుతో సమానం.

లీటరు పెట్రోలుతో అడవిలోకి బయలుదేరేవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి? బండి సగటున 1.5 కిలోవాటుల చొప్పున తీసుకుంటే 2.4 యూనిట్లు గంటన్నరకు అయిపోతాయి. వేగం పెంచితే ఇంకా ముందే అయిపోతాయి. వేగం రెట్టింపయితే గాలి అడ్డు నాలుగు రెట్లవుతుంది మరి! అందుకే చిత్రీకరణకు పోయేవాళ్ళు రెండో బేటరీ తీసుకుపోతారు. పోవడానికి ఎంత, తియ్యడానికి ఎంత, తిరిగి రావడానికి ఎంత అని ముందే లెక్క వేసుకుంటారు. తిరిగి వచ్చే వాటాను ముట్టుకోరు.

చప్పుడు లేకపోవడమే ప్రమాదం

ఇప్పుడు అసలు ఆలోచించవలసిన సంగతికి వద్దాం. పెట్రోలు బండి చప్పుడు మనకు చికాకే. కాని అది ఒక హెచ్చరిక కూడా. ‘వస్తున్నాను, తప్పుకోండి’ అని అది దూరం నుంచే కేక వేస్తుంది. చప్పుడు లేని బండి కేక వెయ్యదు. ఐరోపా దేశాల్లో కొత్త విద్యుత్ కార్లన్నీ గంటకు 20 కిలోమీటర్ల లోపు వేగంతో పోతున్నప్పుడు కావాలని చప్పుడు చెయ్యాలని 2021 జులై నుంచి నిబంధన. రోడ్డు మీది కారుకే అంత అవసరమైతే మలుపులు తిరిగే కాలిబాటలో మట్టిబండికి ఎంత జాగ్రత్త కావాలి? నడిపేవాడికి కూడా ఇంజను రొద వినిపించదు కాబట్టి తన వేగం తనకే తెలియదు. అందుకే పని తెలిసినవాళ్ళ నియమం ఒకటి ఉంది: నడిపేవాడు నడపడమే చేస్తాడు. కేమెరాను వెనక కూచున్నవాడో, దూరం నుంచి వైర్‌లెస్ తెర చూస్తున్నవాడో తిప్పుతాడు. ఒకే మనిషి రెండు పనులూ చేస్తే ఏదో ఒకటి చెడుతుంది. చెడేది బొమ్మ అయితే ఫరవాలేదు, ప్రాణం అయితే?

జంతువుల సంగతి చూడండి. దూరాన చప్పుడు వింటే జింక నెమ్మదిగా పక్కకు తప్పుకుంటుంది. చప్పుడు లేకుండా ఇరవై అడుగుల దూరంలో హఠాత్తుగా బండి కనిపిస్తే? బెదిరి పరుగు తీస్తుంది, పిల్లను విడిచిపోతుంది. ఎలుగుబంటి అయితే మీద పడవచ్చు. అందుకని తెలిసిన ఫోటోగ్రాఫరు బండిని చాలా దూరంలోనే ఆపేస్తాడు. తెల్లవారకముందే బరువైన సామాను కొండ కిందికి చేర్చడం వరకే బండి పని. ఆఖరి నడక కాళ్ళదే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ఫోటోలు తియ్యడానికి పోవాలన్నా అనుమతి కావాలి. నల్లమలలో అయినా మరెక్కడైనా, చప్పుడు లేని బండి గదా అని చట్టం పక్కకు తప్పుకోదు.

నేల సంగతి కూడా అంతే. మొదటి క్షణంలోనే పూర్తి బలం అన్నాం గదా! పిడిని ఒక్కసారి తిప్పితే చక్రం ఉన్నచోటనే తిరిగి మట్టిని చీల్చేస్తుంది. 2012లో ‘మేడ్ మేక్స్: ఫ్యూరీ రోడ్’ అనే చిత్రాన్ని ఆఫ్రికాలోని నమీబియా ఎడారిలో తీసినప్పుడు, వాహనాల చక్రాలు అక్కడి సున్నితమైన నేలనూ మొక్కలనూ పాడుచేశాయని విమర్శలు వచ్చి పెద్ద వివాదం అయింది. ఆ వివాదంలో ఎవరి మాట ఎలా ఉన్నా ఒక్క సంగతి నిజం: ఆ ఎడారి నేల మీద లైకెన్లు అల్లుకుని ఉంటాయి. వాటిలో చాలా జాతులు ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. ఒక్కసారి పడిన చక్రపు జాడ దశాబ్దాల తరబడి చెరగదు. ఆ చక్రాన్ని తిప్పింది పెట్రోలా, బేటరీయా అని లైకెన్ అడగదు!

పేలుడు లేకపోవడం వల్ల అదురు పోయింది, పొగ పోయింది, చప్పుడు పోయింది. వాటితోపాటు ఇదివరకు మనల్ని ఆపే అడ్డంకి కూడా పోయింది. ఇంజను రొద వల్ల వెళ్ళలేకపోయిన చోటికి ఇప్పుడు వెళ్ళగలం. కాబట్టి ఎక్కడ ఆగాలో ఇక మనమే నిర్ణయించుకోవాలి.

మీరు మట్టిబండి నడపడానికి ఇంకా వయసు రావాలి. కాని కేమెరాను నిలకడగా పట్టుకోవడానికి వయసుతో పనిలేదు. ఇంట్లో ఫోను అడిగి తీసుకోండి. రెండు చేతులతో పట్టుకుని, మోచేతులు ఒంటికి ఆనించి, మోకాళ్ళు కాస్త వంచి, మీ ఊరి చెరువుగట్టు మీద నూరడుగులు నడుస్తూ తియ్యండి. తరవాత అదే దారిలో మామూలుగా నడుస్తూ ఇంకోసారి తియ్యండి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే కోడి మెడ ఎంత గొప్పదో మీకే తెలుస్తుంది.